చిన్న కారుకు తక్కువ ఖర్చులో యాంప్లిఫయర్: ఎంచుకోవడం నుంచి బిగించడం దాకా

చిత్తూరు నుంచి తిరుపతికి దాదాపు 70 కిలోమీటర్లు. ఊరు దాటి హైవే ఎక్కి కారు 80 అందుకునేసరికి టైర్ల హోరు, ఏసీ గాలి, పక్కన దూసుకుపోయే లారీల రొద అన్నీ కలిసి పాటను మింగేస్తాయి. స్టీరియో వాల్యూమ్ 20 నుంచి 28కి పెంచుతాం. మృదంగం దెబ్బ మొద్దుబారుతుంది. నాదస్వరం పై స్థాయికి వెళ్లగానే రేకు చిరిగినట్టు పలుకుతుంది. స్పీకర్లు పాడయ్యాయని చాలామంది అనుకునేది అప్పుడే. నిజానికి స్పీకర్లు బాగానే ఉంటాయి, వాటికి అందాల్సిన బలమే అందడం లేదు. ఆ బలం ఇచ్చేది యాంప్లిఫయర్.

డిక్కీ నిండా సబ్ వూఫర్లు, అంటే బరువైన బాస్ శబ్దం కోసమే ఉండే పెద్ద స్పీకర్లు, పేర్చుకునేవారి కోసం ఇది రాయడం లేదు. చిన్న కారు ఉండి, అన్నీ కలిపి 15 వేల నుంచి 20 వేల రూపాయల దాకా పెట్టగలిగినవారి కోసం రాస్తున్నాను. పన్నెండేళ్లుగా నా కార్లకూ, బంధువుల, స్నేహితుల కార్లకూ ఈ పని స్వయంగా చేస్తున్నాను. ఇందులో డబ్బు పోగొట్టుకునేవారు దాదాపు అందరూ ఒకే చోట పోగొట్టుకుంటారు. డబ్బామీద ముద్రించిన వాట్ల అంకె చూసి కొంటారు, వైరు దగ్గర పొదుపు చేస్తారు. ఈ రెండూ తలకిందులు చేస్తే చాలు, అదే డబ్బుతో ఎంతో మంచి శబ్దం వస్తుంది.

ముందు మీ స్టీరియో అసలు బలం లెక్క వేయండి

స్టీరియో ముందు భాగంలో 50×4 అని ఉంటుంది. నాలుగు స్పీకర్లకూ తలా 50 వాట్లు వెళ్తున్నాయని అనిపిస్తుంది. కాగితం, పెన్ను తీసుకోండి. ఇంజను నడుస్తున్నప్పుడు కారులో ఉండేది సుమారు 14 వోల్టులు. స్టీరియోలోని చిప్‌కు ఆ వోల్టేజీని పెంచుకునే ఏర్పాటు ఉండదు, ఉన్నదానితోనే స్పీకర్‌ను కదిలించాలి. 14ను 1.414తో భాగిస్తే 9.9 వస్తుంది. దాన్ని దానితోనే గుణిస్తే 98. స్పీకర్ 4 ఓమ్‌లది (ఓమ్ అంటే కరెంటుకు ఎదురయ్యే అడ్డుకు కొలత) కాబట్టి 98ని 4తో భాగించండి. 24 చిల్లర. ఎంత మంచి చిప్ అయినా శబ్దం చెడకుండా ఇవ్వగలిగే గరిష్ఠం అంతే. నష్టాలు పోగా మిగిలేది 15 నుంచి 20 వాట్లు. ముందు భాగంలో రాసిన 50, శబ్దం పూర్తిగా వికృతమయ్యాక కనిపించే అంకె.

యాంప్లిఫయర్ లోపల బ్యాటరీ వోల్టేజీని పెంచే సొంత పవర్ సప్లై ఉంటుంది. అందుకే అది 24 దగ్గర ఆగిపోకుండా 50, 60, 75 వాట్లు శుభ్రంగా ఇవ్వగలదు. ఈ ఒక్క తేడా కోసమే మనం డబ్బు పెడుతున్నాం.

మీరు ఎక్కువగా తిరుపతి ఊళ్లోనే, బాలాజీ కాలనీ నుంచి లీలామహల్ కూడలి దాకా తిరిగేవారైతే ఆ 20 వాట్లే చాలవచ్చు. అప్పుడు యాంప్ డబ్బును ముందు తలుపుల స్పీకర్లకూ, తలుపు లోపల అతికించే డ్యాంపింగ్ షీటుకూ, అంటే రేకు అదురు తగ్గించే షీటుకూ పెట్టండి. తలుపు బయటి రేకును వేలి కణుపుతో తట్టి చూడండి. ఖాళీ నూనె డబ్బాలా మోగితే, స్పీకర్ వెనక్కి పంపే శబ్దమంతా ఆ రేకును అదిలించడానికే ఖర్చవుతోంది. బ్యూటైల్ రబ్బరుతో చేసిన ఆ షీటు లోపల అతికించి మళ్లీ తట్టండి, ఈసారి చెక్కను తట్టినట్టు ఉంటుంది. షీటు అతికించేటప్పుడు తలుపు అడుగున వాన నీళ్లు పోయే రంధ్రాలు మాత్రం మూయకండి. మూస్తే ఒక్క వానాకాలంలో తలుపు తుప్పు పడుతుంది.

స్పీకర్ కాగితం చదవండి

యాంప్ కొనే ముందే ఏ స్పీకర్లు వాడబోతున్నారో తేల్చుకోండి. కారుతో పాటు వచ్చిన స్పీకర్లకే 60 వాట్ల యాంప్ తగిలించడం అనవసరం. వాటిలో చాలావరకు పల్చని కాగితపు కోను, చిన్న అయస్కాంతం ఉంటాయి. అవి స్టీరియో ఇచ్చే 20 వాట్ల కోసం తయారైనవి.

కొత్త స్పీకర్ల కాగితంలో రెండు అంకెలు వెతకండి. ఒకటి ఆర్‌ఎంఎస్ వాట్లు, అంటే స్పీకర్ ఎడతెరిపి లేకుండా తట్టుకునే బలం. పక్కనే పెద్ద అక్షరాలతో ఉండే మ్యాక్స్, పీక్, పీఎంపీఓ అంకెలను పట్టించుకోకండి. రెండోది సెన్సిటివిటీ, డెసిబెల్లలో ఉంటుంది. దుకాణంలో దీని గురించి ఎవరూ చెప్పరు కానీ తక్కువ డబ్బుతో పని కానివ్వాలనుకునేవారికి ఇదే ముఖ్యం. శబ్దం 3 డెసిబెల్లు పెరగాలంటే వాట్లు రెట్టింపు కావాలి. కాబట్టి 88 డెసిబెల్ల స్పీకర్‌కు 100 వాట్లు ఇస్తే ఎంత శబ్దం వస్తుందో, 91 డెసిబెల్ల స్పీకర్‌కు 50 వాట్లతోనే అంత వస్తుంది. స్పీకర్ ఎంపికలో పది నిమిషాలు శ్రద్ధ పెడితే యాంప్ ఖర్చు గణనీయంగా తగ్గించుకోవచ్చన్న మాట. రెండు కంపెనీలు ఈ అంకెను వేర్వేరు పద్ధతుల్లో కొలవవచ్చు కాబట్టి ఒక కంపెనీ స్పీకర్లలోనే పోల్చుకోవడం మేలు.

స్పీకర్ ఆర్‌ఎంఎస్ 60 అయితే, 50 నుంచి 70 మధ్య ఆర్‌ఎంఎస్ ఇచ్చే యాంప్ సరిపోతుంది. యాంప్ కాస్త ఎక్కువ బలంగా ఉంటే భయపడాల్సిన పని లేదు. బలం చాలని యాంప్‌ను చివరిదాకా తిప్పితే వచ్చే చిరిగిన శబ్దం వల్ల మాడిపోయే ట్వీటర్లే (సన్నని, పై స్థాయి శబ్దాలు పలికే చిన్న స్పీకర్లు) ఎక్కువ.

నాలుగు ఛానళ్లదే తీసుకోండి

ఛానల్ అంటే యాంప్ నుంచి స్పీకర్‌కు వెళ్లే ఒక్కో దారి. రెండు ఛానళ్లు, నాలుగు ఛానళ్లు, సబ్ వూఫర్ కోసం ఒకే ఛానల్ ఉండే మోనో బ్లాక్, అన్నీ దొరుకుతాయి. మొదటిసారి కొనేవారికి నా సలహా ఎప్పుడూ నాలుగు ఛానళ్ల యాంపే. ముందు రెండు ఛానళ్లు ముందు తలుపులకు ఇవ్వండి. వెనక రెండింటిని బ్రిడ్జ్ చేసి, అంటే రెండూ కలిపి ఒకటిగా వాడి, ఒక చిన్న సబ్ వూఫర్‌కో, గొట్టం ఆకారపు పెట్టెలో వచ్చే బాస్ ట్యూబ్‌కో ఇవ్వండి. వెనక తలుపుల స్పీకర్లు స్టీరియో మీదే ఉండనివ్వండి. వినేది ఎక్కువగా ముందు సీట్లలో కూర్చున్నవారే. సబ్ వూఫర్‌కు ఇప్పుడు డబ్బు లేకపోతే, ప్రస్తుతానికి నాలుగు తలుపులకూ యాంప్ ఇచ్చి, డబ్బు చేరాక వెనక రెండు ఛానళ్లనూ మార్చుకోవచ్చు. యాంప్ మళ్లీ కొనాల్సిన అవసరం రాదు.

డబ్బా మీది అంకెను ఫ్యూజుతో పరీక్షించండి

రెండేళ్ల క్రితం మా మేనల్లుడితో కలిసి ఒక దుకాణానికి వెళ్లాను. కౌంటర్ మీద మెరిసే డబ్బా పెట్టి, "సార్, ఇది 3000 వాట్లు. ఈ ధరలో ఇంకెక్కడా దొరకదు" అన్నారు. యాంప్‌ను బయటికి తీసి పక్కకు తిప్పమన్నాను. పవర్ తీగలు బిగించే చోట పసుపు రంగు ఫ్యూజు ఒక్కటే ఉంది, దాని మీద 20 అని రాసి ఉంది. మేనల్లుడి ఫోనులో లెక్క వేసి చూపించాను. 20 ఆంపియర్లను 14 వోల్టులతో గుణిస్తే 280 వాట్లు. బ్యాటరీ నుంచి అది ఎడతెగకుండా తీసుకోగలిగేదే అంత. అందులో 40 శాతం వేడిగా పోతే మిగిలేది 168. నాలుగు ఛానళ్లకు పంచితే తలా 42. తీసుకునేదే 280 అయినప్పుడు 3000 ఎలా ఇస్తుంది?

ఈ లెక్క మీకూ పనికొస్తుంది. యాంప్ మీద ఉన్న ఫ్యూజుల ఆంపియర్లన్నీ కలపండి, 14తో గుణించండి. క్లాస్ ఏబీ అయితే 0.6తోనూ, క్లాస్ డీ అయితే 0.8తోనూ గుణించండి (ఈ రెండు రకాల యాంపుల తేడా కింద చెబుతాను). వచ్చిన దాన్ని ఛానళ్ల సంఖ్యతో భాగించండి. ఇది కచ్చితమైన కొలత కాదు, కంపెనీలు ఫ్యూజును కాస్త అటూ ఇటూ వేస్తాయి. అబద్ధాన్ని పట్టుకోవడానికి మాత్రం ఇది చాలు.

పేరున్న కంపెనీలు కూడా డబ్బా మీద పెద్ద అంకే వేస్తాయి కానీ లోపలి కాగితంలో నిజం రాస్తాయి. ఉదాహరణకు పయనీర్ జీఎం-ఏ6704 డబ్బా మీద 1000 వాట్లని ఉంటుంది. కాగితంలో 4 ఓమ్‌ల దగ్గర ఒక్కో ఛానల్‌కు 60 వాట్లని ఉంటుంది. మీరు కొంటున్నది ఆ 60నే. కాగితంలో సీఈఏ-2006 లేదా సీటీఏ-2006 అని కనిపిస్తే ఇంకా మంచిది. అమెరికా ఎలక్ట్రానిక్స్ పరిశ్రమ సంఘం 2003లో తెచ్చిన కొలత పద్ధతి అది. 14.4 వోల్టుల దగ్గర, 4 ఓమ్‌ల స్పీకర్‌కు, వికృతి ఒక శాతం మించకుండా ఎన్ని వాట్లు వస్తాయో ఆ అంకె మాత్రమే రాయాలి. ఆర్‌ఎంఎస్ అంకె ఎక్కడా రాయని యాంప్‌ను ఎంత చవకగా ఇచ్చినా తీసుకోకండి.

ఓమ్‌ల సంగతి

ఎక్కువ యాంపులు కాలిపోయేది ఇక్కడే. కార్ల స్పీకర్లు సాధారణంగా 4 ఓమ్‌లవి. ఒకే ఛానల్‌కు రెండు 4 ఓమ్‌ల స్పీకర్లను పక్కపక్కనే కలిపితే యాంప్‌కు అది 2 ఓమ్‌ల భారం. ఓమ్‌లు తగ్గేకొద్దీ కరెంటు ఎక్కువ ప్రవహిస్తుంది, వేడి పెరుగుతుంది. నాలుగు ఛానళ్ల యాంపుల్లో చాలావరకు విడివిడిగా 2 ఓమ్‌ల దాకా తట్టుకుంటాయి, బ్రిడ్జ్ చేస్తే 4 ఓమ్‌ల కంటే తక్కువ తట్టుకోలేవు. మీ యాంప్ కాగితంలో ఈ రెండు హద్దులూ చూసుకోండి.

దీని ప్రకారం సబ్ వూఫర్ ఎంచుకోవాలి. బ్రిడ్జ్ చేసిన యాంప్‌కు ఒకే కాయిల్ (స్పీకర్ లోపలి తీగచుట్ట) ఉన్న 4 ఓమ్‌ల సబ్ వూఫర్ సులభం. రెండు కాయిళ్లు, ఒక్కొక్కటి 2 ఓమ్‌లు ఉన్నదైతే రెండింటినీ వరసగా, గొలుసులా కలపండి, 4 ఓమ్‌లవుతుంది. రెండు కాయిళ్లూ 4 ఓమ్‌లవైతే వరసగా కలిపితే 8, పక్కపక్కన కలిపితే 2. మొదటి దానిలో బలం తగ్గుతుంది, రెండో దానిలో యాంప్ వేడెక్కి ఆగిపోతుంది. కాబట్టి అలాంటిది వద్దు.

ఏబీనా, డీనా

క్లాస్ ఏబీ యాంప్ పెద్దగా, బరువుగా ఉంటుంది, తీసుకున్న కరెంటులో సగం చిల్లర మాత్రమే శబ్దంగా మారుస్తుంది. క్లాస్ డీ చిన్నది, 80 శాతానికి పైగా పనికి వాడుతుంది. ఒకప్పుడు శబ్దం కోసం ఏబీనే కొనమని నేనే చెప్పేవాణ్ని. ఇప్పటి క్లాస్ డీ యాంపులు విన్నాక ఆ మాట మార్చుకున్నాను. మే నెలలో తిరుపతి ఎండ 40 డిగ్రీలు దాటుతుంది. అలిపిరి దగ్గర మధ్యాహ్నమంతా ఎండలో నిలిపి ఉంచిన కారు డిక్కీ తెరిచి, అక్కడున్న ఇనుప పానాను పట్టుకుని చూడండి, ఒక్క క్షణం కూడా చేతిలో ఉండదు. అప్పటికే అంత వేడిలో ఉన్న యాంప్ పాట మొదలవగానే ఇంకా వేడెక్కుతుంది, పావుగంటలో ప్రొటెక్ట్ లైటు వెలిగించి మౌనం వహిస్తుంది. మన ఊళ్లకు తక్కువ వేడి పుట్టించేదే మేలు. ధర తేడా వెయ్యి, రెండు వేలలో ఉంటే క్లాస్ డీ తీసుకోండి.

సిగ్నల్ ఎక్కడి నుంచి?

బయట కొన్న స్టీరియో అయితే వెనక యాంప్‌కు సిగ్నల్ పంపే గుండ్రని ఆర్‌సీఏ సాకెట్లు ఉంటాయి. ఎన్ని జతలున్నాయో చూడండి, సబ్ వూఫర్‌కు వేరుగా ఒక జత ఉంటే హాయి. కంపెనీ నుంచి వచ్చిన స్టీరియోలకు సాధారణంగా ఇవి ఉండవు. అప్పుడు స్పీకర్ తీగల నుంచే సిగ్నల్ తీసుకునే హై లెవల్ ఇన్‌పుట్ ఉన్న యాంప్ కావాలి. స్పీకర్ తీగలో సిగ్నల్ రాగానే తనంతట తాను ఆన్ అయ్యే సౌకర్యం కూడా ఉందేమో అడగండి. అది ఉంటే స్టీరియో వెనక నుంచి రిమోట్ తీగ, అంటే స్టీరియోతో పాటు యాంప్‌ను ఆన్ చేసే తీగ, లాగే పని తప్పుతుంది.

వారంటీలో ఉన్న కారు తీగలు కోయనివ్వకండి. మీ కారు మోడల్‌కు సరిపడే కప్లర్, అంటే తీగలు కోయకుండా మధ్యలో తగిలించే ప్లగ్, దొరుకుతుంది. దాన్ని మధ్యలో తగిలిస్తే సరి, రేపు కారు అమ్మేటప్పుడు మళ్లీ తీసేయవచ్చు.

ఎక్కడ కొనాలి

మన జిల్లాల వారికి మూడు దారులున్నాయి. ఊళ్లోని దుకాణాలు, చెన్నైలో జనరల్ ప్యాటర్స్ రోడ్డు, బెంగళూరులో జేసీ రోడ్డు. చెన్నై, బెంగళూరుల్లో రకాలు ఎక్కువ, బేరం కుదిరితే ధర తక్కువ. అయితే యాంప్‌కు ఏదైనా అయితే మళ్లీ అంతదూరం మోసుకెళ్లాలి. తేడా వెయ్యి రూపాయల లోపే ఉంటే తిరుపతిలోనో చిత్తూరులోనో కొనమంటాను. ఎక్కడ కొన్నా జీఎస్టీ బిల్లు, ముద్ర వేసిన వారంటీ కార్డు తీసుకోండి. యాంప్ అడుగున ఉన్న సీరియల్ నంబరూ, డబ్బా మీది నంబరూ ఒకటేనా చూడండి. పేరున్న కంపెనీలకు నకిలీలు ఎక్కువ.

పాత యాంప్ కొంటుంటే ఇంకాస్త జాగ్రత్త కావాలి. 2021 నవంబరు వరదల్లో తిరుపతిలో ఎన్నో కార్లు మునిగాయి. నీళ్లలో నానిన యాంప్‌ను ఆరబెట్టి తుడిస్తే పైకి కొత్తదానిలా ఉంటుంది. తీగలు బిగించే మరలను టార్చి వెలుగులో చూడండి. పచ్చగానో తెల్లగానో పొడి పేరుకుని ఉంటే వదిలేయండి. అడుగు రేకు విప్పనిస్తే లోపలి కెపాసిటర్ల పైభాగం ఉబ్బిందేమో చూడండి, కాలిన వాసన వస్తోందేమో చూడండి. అమ్మేవారు విప్పనివ్వకపోతే బేరం మానుకోండి.

వైరు దగ్గర పొదుపు వద్దు

నా మొదటి యాంప్‌ను ఒక దుకాణంలో బిగించారు. వైరింగ్ కిట్ ఉచితం అన్నారు, సంతోషపడ్డాను. నాలుగు నెలల తర్వాత చిత్తూరు నుంచి వస్తూ ఉంటే, చంద్రగిరి ఇంకా రాకముందే కారులో రబ్బరు కాలుతున్న వాసన మొదలైంది. పక్కకు ఆపి బానెట్ ఎత్తాను. బ్యాటరీ నుంచి వెళ్లే ఎర్ర వైరు ఇంజను వెనక రేకు గోడకున్న రంధ్రంలోంచి నేరుగా దూరి ఉంది. రంధ్రానికి రబ్బరు వాషరు లేదు. రేకు అంచు రోజూ రాసుకుని ఎర్ర తొడుగును కోసేసింది, లోపలి తీగ పోగులు తెల్లగా మెరుస్తూ రేకును తాకుతున్నాయి. బ్యాటరీ దగ్గర ఫ్యూజు కూడా లేదు. గబగబా పానాతో నెగటివ్ టెర్మినల్ ఊడదీశాను. ఇంకో పది నిమిషాలు నడిపి ఉంటే ఏం జరిగేదో తలచుకుంటే ఇప్పటికీ గుండె ఝల్లుమంటుంది. వెనక సీట్లో అమ్మ నిద్రపోతోంది.

అందుకే ఈ భాగం నిదానంగా చదవండి.

బ్యాటరీ నుంచి బయల్దేరిన వైరు మీద 45 సెంటీమీటర్ల లోపు ఫ్యూజు ఉండి తీరాలి. అది యాంప్‌ను కాపాడటానికి కాదు, వైరు రేకుకు తగిలితే కారు తగలబడకుండా ఆపడానికి. యాంప్ మీద ఫ్యూజు ఉంది కదా అని ఎవరైనా అంటే ఒప్పుకోకండి. వైరు మధ్యలో రేకును తాకితే కరెంటు యాంప్ దాకా వెళ్లదు, ఆ ఫ్యూజుకు సంగతే తెలియదు. ఫ్యూజు విలువ వైరు తట్టుకోగలిగే కరెంటును మించకూడదు. రేకు గోడ దాటే చోట రబ్బరు వాషరు తప్పనిసరి, దాని మీద ముడతల గొట్టం తొడిగితే ఇంకా భద్రం.

ఇక వైరులో ఏముందో చూడాలి. నా వైరు పోగులు తెల్లగా మెరిశాయని చెప్పాను కదా, అది రాగి కాదు. అల్యూమినియం మీద పల్చగా రాగి పూత వేసిన వైరు. చవక కిట్లలో ఉండేది దాదాపు ఇదే. అదే మందానికి రాగి మోసే కరెంటులో ఇది సుమారు మూడింట రెండు వంతులే మోస్తుంది. కొనే ముందు ఒక పోగును బ్లేడుతో గీకి చూడండి. లోపల కూడా ఎర్రగా ఉంటే రాగి, తెల్లగా ఉంటే అల్యూమినియం. పైన తెల్లగా ఉండి గీకితే లోపల ఎర్రగా కనిపిస్తే తగరం పూసిన రాగి, అది మంచిదే, తుప్పు పట్టదు. వైరు చుట్టను చేతిలో పట్టుకుంటేనే తేడా తెలుస్తుంది, రాగి చుట్ట బరువు చేతిని కిందికి లాగుతుంది.

మందం కూడా తొడుగు చూసి నమ్మకండి. వైరు మందాన్ని గేజ్‌లో చెబుతారు, అంకె తగ్గేకొద్దీ వైరు లావు. 8 గేజ్ అంటే లోపలి లోహం సుమారు 8.4 చదరపు మిల్లీమీటర్లు, 4 గేజ్ అంటే 21. చవక కిట్లలో వేలంత లావు ప్లాస్టిక్ లోపల పెన్సిల్ ములుకంత లోహం ఉంటుంది. 30 ఆంపియర్ల ఫ్యూజు ఉన్న నాలుగు ఛానళ్ల యాంప్‌కు, చిన్న కారులో నాలుగైదు మీటర్ల దూరానికి, 8 గేజ్ అసలు రాగి చాలు. బ్యాటరీ దగ్గర 40 ఆంపియర్ల ఫ్యూజు పెట్టండి. తప్పనిసరై పూత వైరే వాడాల్సి వస్తే ఒక మెట్టు లావుది తీసుకోండి.

బ్యాటరీ మార్చాలా అని చాలామంది అడుగుతారు. చిన్న పెట్రోలు కారులో 35 ఆంపియర్ అవర్ల బ్యాటరీ ఉంటుంది. మన కరకంబాడిలో తయారయ్యే అమరాన్ కావచ్చు, మరొకటి కావచ్చు, మంచి స్థితిలో ఉంటే 200, 250 వాట్ల ఆర్‌ఎంఎస్ దాకా దేన్నీ మార్చనక్కర్లేదు. పాట ఎప్పుడూ పూర్తి బలాన్ని లాగదు. ఇంజను ఆపి గంటల తరబడి మాత్రం వినకండి, తర్వాత కారు స్టార్ట్ కాదు.

బిగించే వరస

ముందు బ్యాటరీ నెగటివ్ టెర్మినల్ ఊడదీయండి. పవర్ వైరు కారుకు ఒక పక్కగా, ఆర్‌సీఏ కేబుల్ రెండో పక్కగా తీసుకెళ్లండి. రెండూ కలిసి వెళ్తే ఇంజను కూత స్పీకర్లలోకి వస్తుంది. రిమోట్ తీగ, స్టీరియో వెనక నీలం మీద తెల్ల గీత ఉన్నదాని నుంచి వస్తుంది.

ఎర్త్ వైరు 45 సెంటీమీటర్లు మించకూడదు, పవర్ వైరంత లావుగానే ఉండాలి. సీటు బెల్టు బోల్టుకు తగిలించకండి, అది ప్రాణాలు కాపాడే బోల్టు. కారు అసలు రేకు మీద ఒక చోటు ఎంచుకుని, ఉప్పు కాగితంతో రంగు పోయి లోహం మెరిసేదాకా రుద్దండి. వైరు చివర లగ్ (బోల్టుకు పట్టే లోహపు కొన) వేసి, బోల్టుతో బిగించి, చుట్టూ కొద్దిగా గ్రీజు పూయండి. శబ్దంలో వచ్చే గోల చాలావరకు ఈ ఒక్క చోట చేసిన తొందరపాటు వల్లే వస్తుంది.

యాంప్‌ను కార్పెట్ కింద దాచకండి, గాలి ఆడాలి. సబ్ వూఫర్ పెట్టె మీద కూడా వద్దు, ఆ అదురుకు లోపలి టంకాలు ఊడతాయి. ముందు సీటు కింద చోటుంటే మంచిదే, నేల మీద నేరుగా కాకుండా అంగుళం ఎత్తు ప్లైవుడ్ ముక్క మీద బిగించండి. తడిసిన చెప్పులతో ఎక్కినా, ఏసీ నీళ్లు కారినా యాంప్ పొడిగా ఉంటుంది.

గెయిన్ వాల్యూమ్ కాదు

యాంప్ మీద గెయిన్ అనే మర ఉంటుంది. దుకాణాల్లో దాన్ని సగానికి పైగా తిప్పి వదిలేస్తారు. స్టీరియో పంపే సిగ్నల్‌కు యాంప్‌ను జతపరచడమే దాని పని. వోల్టులు కొలిచే మూడు, నాలుగు వందల రూపాయల మల్టీమీటర్ ఉంటే మీరే చేసుకోవచ్చు.

యాంప్ నుంచి స్పీకర్ తీగలు తీసేయండి. గెయిన్ పూర్తిగా తగ్గించండి, బాస్ బూస్ట్ సున్నా చేయండి, ఫిల్టర్లు ఆఫ్ చేయండి, స్టీరియోలో ఈక్వలైజర్ సమం చేయండి. వాల్యూమ్‌ను గరిష్ఠంలో నాలుగింట మూడు వంతులకు పెట్టండి, 40 ఉంటే 30. పెన్ డ్రైవ్‌లో 100 హెర్ట్జ్ టెస్ట్ టోన్ వేసి మోగించండి. చవక మల్టీమీటర్లలో చాలావరకు 400 హెర్ట్జ్ దాటితే సరిగ్గా చూపవు, కాబట్టి అంతకంటే పై టోన్ వద్దు. మల్టీమీటర్‌ను ఏసీ (ఆల్టర్నేటింగ్ కరెంటు) వోల్టుల మీద పెట్టి, యాంప్ స్పీకర్ టెర్మినళ్లకు తగిలించి, గెయిన్ మెల్లగా పెంచండి. ఎంత దాకా? మీ యాంప్ ఆర్‌ఎంఎస్ వాట్లను ఓమ్‌లతో గుణించి వర్గమూలం తీయండి. 50 వాట్లు, 4 ఓమ్‌లు అయితే 200కు వర్గమూలం 14.1. మీటర్ 14.1 చూపగానే ఆపండి. 60 వాట్లకు 15.5. బ్రిడ్జ్ చేసిన ఛానళ్లకు బ్రిడ్జ్ వాట్లతో లెక్క వేసి, 50 హెర్ట్జ్ టోన్ వాడండి.

తర్వాత స్పీకర్లు తగిలించి, తలుపుల ఛానళ్లకు హై పాస్ ఫిల్టర్ (పై శబ్దాలనే వదిలేది) 80 హెర్ట్జ్ దగ్గర, సబ్ వూఫర్‌కు లో పాస్ (కింది శబ్దాలనే వదిలేది) 80 దగ్గర పెట్టండి. ఇప్పుడు తలుపుల స్పీకర్లు మోయలేని బరువైన శబ్దాలు వాటి దాకా వెళ్లవు. వాల్యూమ్ పెంచినా గొంతు స్పష్టంగా నిలుస్తుంది. బాస్ బూస్ట్‌ను సున్నా దగ్గరే ఉండనివ్వండి.

చెవితో పరీక్ష

ముందు పాట లేకుండా, ఇంజను నడుస్తుండగా వినండి. యాక్సిలరేటర్ తొక్కితే కూత పైకి లేస్తోందా? ఎర్త్ మళ్లీ చూడండి. హెడ్‌లైట్లు, ఏసీ వేసినప్పుడు టప్‌మంటోందా? అదీ ఎర్తే.

పాట మీకు బాగా తెలిసినదే ఎంచుకోండి. నేను నాదస్వరం, డోలు రికార్డింగుతో మొదలుపెడతాను, గుళ్లో ఎదురుగా నిలబడి ఎన్నోసార్లు విన్న శబ్దం కాబట్టి మోసం చేయలేదు. డోలులో ఒక పక్క కర్రతో కొట్టే దెబ్బ, మరో పక్క తొడుగులు వేసుకున్న వేళ్ల దెబ్బ విడివిడిగా వినిపించాలి. రెండూ కలిసి ఒకే దడదడగా వినిపిస్తే సబ్ వూఫర్ ఎక్కువైంది, తగ్గించండి. తర్వాత మృదంగం. ఎడమ పక్క రవ్వ ముద్ద అంటించిన మూత మీద అరచేయి జారినప్పుడు వచ్చే 'గుమ్‌' అనే సాగుదల గుండ్రంగా, ఊపిరి తీసుకున్నట్టు వినిపించాలి. గంగమ్మ జాతర పంబల చప్పుడు రికార్డింగు మీ దగ్గర ఉంటే బాస్‌కు అంతకంటే మంచి పరీక్ష లేదు. దెబ్బ పడిన వెంటనే ఆగాలి, తోక మిగలకూడదు. చివరగా ఒక్క గొంతు, ఒక్క తంబురా ఉన్న కీర్తన వేయండి. గాయకురాలి ఊపిరి వినిపించి, గొంతు డ్యాష్‌బోర్డు మధ్య నుంచి వస్తున్నట్టు అనిపిస్తే మీ పని కుదిరింది.

ఇదంతా నిలిపిన కారులోనూ, మళ్లీ హైవే మీద 80లోనూ వినండి. రెండోదానికే మీరు యాంప్ కొన్నది.

నెల రోజులు తిరిగాక, ముఖ్యంగా ఘాట్ రోడ్డు మలుపుల్లో నాలుగైదుసార్లు తిరుమల వెళ్లి వచ్చాక, ఒక ఆదివారం పానా తీసుకుని బ్యాటరీ లగ్, ఫ్యూజు హోల్డర్, ఎర్త్ బోల్టు, యాంప్ మీది పవర్ మరలు చేత్తో కదిపి చూడండి. ఏదైనా వదులైతే బిగించండి. అరగంట పాటలు విన్నాక ఫ్యూజు హోల్డర్ మీద వేలు పెట్టండి. గోరువెచ్చగా ఉంటే పరవాలేదు, వేలు పెట్టలేనంత వేడిగా ఉంటే అక్కడ లగ్ సరిగ్గా కూర్చోలేదు, విప్పి మళ్లీ వేయండి.